చెరువంటే కట్ట ఒక్కటే కాదు

న్యూయార్క్ నగరంలో కుళాయి నీళ్ళు తాగొచ్చా అని మన దగ్గర్నుంచి కొత్తగా వచ్చినవాళ్ళు అడుగుతుంటారు. నిక్షేపంగా తాగొచ్చు. వింతేమిటంటే, ఆ నీళ్ళలో దాదాపు 90 శాతం వడపోత లేకుండానే వస్తాయి. క్రిములు చావడానికి క్లోరిన్, అతినీలలోహిత కిరణాలు. అంతే!

మరి వడపోసేదెవరు? క్యాట్‌స్కిల్ కొండలు. అడవిలో పడ్డ చినుకు నేలలో ఇంకి, వేళ్ళ మధ్య, రాళ్ళ మధ్య నెమ్మదిగా జారి వాగులో చేరేసరికి చాలా మురికి వెనకే ఉండిపోతుంది. అదే నేల మీద తారు పోస్తే, చినుకు నిమిషాల్లో మట్టినీ, నూనెనీ, పేడనీ ఈడ్చుకొచ్చి జలాశయంలో పోస్తుంది.

1990లలో ఫిల్టర్ ప్లాంటు కట్టాల్సిన పరిస్థితి వచ్చింది. అంచనా 600 కోట్ల డాలర్ల పైమాటే. దాని బదులు నగరం 1997లో ఎగువ ఊళ్ళతో ఒప్పందం చేసుకుంది. అమ్మడానికి ఇష్టపడ్డవాళ్ళ దగ్గరే భూములు కొంటామంది. సెప్టిక్ ట్యాంకులు బాగుచేయించడానికీ, పేడ వాగుల్లో కలవకుండా పాడిరైతులు ఏర్పాట్లు చేసుకోవడానికీ డబ్బిచ్చింది. తాగేవాడు పైవాడికి డబ్బు కట్టాడన్నమాట.

ఇక మన హైదరాబాదు. 1908 మూసీ వరద తర్వాత కట్టినవి ఉస్మాన్ సాగర్ (1920), హిమాయత్ సాగర్ (1927). ఎగువన 84 ఊళ్ళలో నిర్మాణాలను కట్టడి చేస్తూ 1996లో 111 జీవో వచ్చింది. మంచి జీవోనే. కానీ దాంట్లో వద్దన్న మాటే ఉంది, ఇస్తామన్న మాట లేదు. పక్క ఊళ్ళో ఎకరం కోట్లు పలుకుతుంటే, నగరం కోసం తన పొలం విలువ వదులుకున్న రైతుకి దక్కిందేమిటి? పెద్దవాళ్ళ ఫాంహౌసులు మాత్రం లేచాయి. చివరికి 2022లో ప్రభుత్వం ఆ ఆంక్షలు ఎత్తేస్తూ మరో జీవో ఇచ్చింది. కృష్ణా, గోదావరి నీళ్ళొస్తున్నాయి కదా, ఈ చెరువులతో పనేముందన్నారు.

పనుంది బాబూ! ఆ నదుల నీళ్ళు వంద కిలోమీటర్ల పైనుంచి కరెంటు పెట్టి తోడాలి. ఇవి పల్లానికి వాటంతటవే వస్తాయి. పైగా ఈ కట్టలు వేసిందే వరద ఆపడానికి. ఎగువంతా కాంక్రీటైతే ఆ వరద ఒక్కసారిగా వచ్చి పడుతుంది.

నా మట్టుకు నాకు ఆంక్షలు ఉండాల్సిందే. కానీ ఆ భారం 84 ఊళ్ళ నెత్తిన పెట్టి ఊరుకుంటే కుదరదు. నీటి బిల్లులో నెలకి కొన్ని రూపాయలు వాళ్ళ పేరున పక్కన పెడితే నగరవాసికి పోయేదేముంది? మీరేమంటారు?