అంకెలతో తేలని పందెం

అమెరికా కార్ల రేసు పోటీ నాస్కార్ అభిమానులు ఇద్దరు కలిస్తే చాలు, పాత వీరులు గొప్పా, ఇప్పటివాళ్లు గొప్పా అన్న వాదన మొదలవుతుంది. పాతవాళ్ల తరఫున ముందుగా బయటికొచ్చే లెక్క రిచర్డ్ పెట్టీ గెలిచిన 200 రేసులు. ఈ తరం జిమ్మీ జాన్సన్ గెలిచినవి 83. అంతమాత్రాన జాన్సన్‌ని తక్కువ చేయడం అన్యాయం. 1967లో పెట్టీ ఒక్క ఏడాదే 27 రేసులు గెలిచాడు, నిజమే. కానీ అప్పట్లో ఏడాదికి యాభై దాకా రేసులు, వాటిలో చాలావరకు చిన్న ట్రాకుల మీద జరిగేవి. 1972 నుంచి ఆ సంఖ్య బాగా తగ్గింది. ఇక నేటి డ్రైవర్ల విషయానికొస్తే, 2022 నుంచి కార్ల విడిభాగాలు చాలావరకు అన్ని జట్లకూ ఒకేచోటి నుంచి వస్తున్నాయి. బండిలో తేడా తగ్గేకొద్దీ గెలుపు కష్టమవుతుంది. అలాగని పాతవాళ్ల తెగువను మరిచిపోకూడదు. నల్లజాతి డ్రైవర్ వెండెల్ స్కాట్ తన కారు తానే బాగుచేసుకుంటూ 1963లో జాక్సన్‌విల్‌లో గెలిస్తే, ముందు విజేతగా ప్రకటించింది మరొకరిని! 2001లో డేటోనా రేసులో డ్రైవర్ డేల్ ఎర్న్‌హార్ట్ చనిపోయాకే తలనూ మెడనూ కాపాడే పరికరం తప్పనిసరైంది. నేటివాళ్ల భద్రత ఆనాటివాళ్ల ప్రాణాలతో కొన్నది. అందుకే నా కొలమానం ఒక్కటే: తన కాలపు పోటీదారుల కంటే ఎంత ముందున్నాడు? ఆ లెక్కన 2006 నుంచి 2010 దాకా వరుసగా అయిదు టైటిళ్లు గెలిచిన జాన్సన్ స్థానం పెట్టీ వెనక కాదు, పక్కన.