గులాబీ సముద్రం ఎవరి పొరపాటు?

అలిఘియెరో బోయెట్టి మ్యాపుల గురించి ఎవరు రాసినా ఒక పిట్టకథ తప్పకుండా చెప్తారు. ఈ ఇటాలియన్ ఆర్టిస్టు 1971లో కాబూల్ వెళ్ళాడు. గుడ్డ మీద ప్రపంచపటం గీయించి, ఒక్కో దేశాన్నీ దాని జెండా రంగుల్లో అక్కడి ఆడవాళ్ళ చేత కుట్టించడం మొదలుపెట్టాడు. 1970ల చివర్లో ఒక పటం గులాబీ రంగు సముద్రంతో తిరిగొచ్చింది. "సముద్రమే లేని దేశం కదా పాపం, మ్యాపులో నీలం అంటే నీళ్ళని వాళ్ళకేం తెలుసు!" అని మనం ముచ్చటపడతాం. నా పేచీ ఆ ముచ్చటతోనే.

నేను జర్మన్ నేర్చుకుంటున్నాను. "నాకు ఉక్కగా ఉంది" అనబోయి ఒకరోజు "ఇష్ బిన్ హైస్" అన్నాను. అర్థం వేరే ఉందట, క్లాసంతా నవ్వింది. సరే, తప్పు నాదే. ఆ భాష కావాలని చేరింది నేను. కాబూల్ ఆడవాళ్ళు మ్యాపుల భాష నేర్పమని ఎవరినీ అడగలేదు. పని వచ్చింది, చేశారు. అయినా నీళ్ళు నీలంగా ఉండాలన్నది అట్లాసులు అచ్చేసేవాళ్ళ అలవాటు. చెంబులో నీళ్ళు ఎప్పుడైనా నీలంగా కనిపించాయా? వాళ్ళ దగ్గర ఆ గులాబీ దారమే ఎక్కువ ఉందని కూడా ఒక మాట ఉంది. అదే నిజమైతే ఇక అపార్థం ఎక్కడిది? ఉన్నదాంతో పని కానిచ్చారు, అంతే.

బోయెట్టిని తిట్టడం నా ఉద్దేశం కాదు. ఆ సముద్రాన్ని చూసి మురిసిపోయి, తర్వాత ఆ రంగు సంగతి కుట్టేవాళ్ళకే వదిలేశాడు. తన పేరుకీ ఇంటిపేరుకీ మధ్య "ఎ" అని చేర్చుకున్నాడు. ఇటాలియన్‌లో "మరియు" అని. తనలో ఇద్దరున్నారని సూచన. బావుంది. కానీ ఆ ఇద్దరూ అతనే! సోవియట్ సైన్యం దిగాక, పెషావర్‌లో శరణార్థులుగా ఉంటూ కుట్టినవాళ్ళకి ఆ "మరియు" పక్కన చోటు లేదు.

మా ఫీల్డులో పాత జోకొకటుంది: క్లయింటుకి నచ్చితే ఫీచర్, నచ్చకపోతే బగ్. ఫీచర్ మేనేజర్‌ది, బగ్ జూనియర్‌ది. ఇక్కడా అంతే. పొరపాటు ఆడవాళ్ళ ఖాతాలోకి, దాన్ని కళగా గుర్తుపట్టిన చూపు ఆర్టిస్టు ఖాతాలోకి వెళ్ళాయి.

రివ్యూలు రాసే మిత్రులకి ఒకటే మనవి. ఈసారి ఆ కథ చెప్పేటప్పుడు "పొరపాటున", "పాపం" తీసేసి, "అఫ్ఘాన్ స్త్రీలు సముద్రాన్ని గులాబీ రంగులో కుట్టారు" అని రాయండి. ముచ్చట తగ్గుతుందేమో. తగ్గనివ్వండి.