పదిహేడు లక్ష్యాల్లో కూలివాని వాటా ఎంత?

2015 సెప్టెంబరులో ఐక్యరాజ్యసమితి సభ్యదేశాలు 17 సుస్థిర అభివృద్ధి లక్ష్యాలను ఆమోదించాయి. వాటి కింద 169 ఉపలక్ష్యాలున్నాయి. గడువు 2030. పేదరికం పోవాలి, ఆకలి పోవాలి, సమాన విలువ గల పనికి సమాన వేతనం రావాలి అని వాటిలో రాసి ఉంది. ఈ మాటలతో మాకు పేచీ లేదు. కూలీలు దశాబ్దాలుగా అడుగుతున్నవీ ఇవే గదా! అయితే వీటిని ఎవరు, ఎవరి కోసం అమలు చేస్తారన్నదే అసలు ప్రశ్న.

ఇప్పుడు ఈ బాధ్యతను విశ్వవిద్యాలయాల మీద కూడా పెడుతున్నారు. మంచిదే. ప్రభుత్వ విశ్వవిద్యాలయం నడిచేది ప్రజల సొమ్ముతో. కూలివాడు కొనే సబ్బుబిళ్ళ మీది పన్నూ అందులో ఉంది. కాని అమలును కొలిచే తీరు చూడండి. 2019లో టైమ్స్ హయ్యర్ ఎడ్యుకేషన్ అనే బ్రిటిష్ పత్రిక ఈ లక్ష్యాలపై ర్యాంకులు మొదలుపెట్టింది. మొత్తం మార్కుల్లో 17వ లక్ష్యాన్ని తప్పనిసరి చేసి, దానికి ఆ విశ్వవిద్యాలయం బాగా మార్కులు తెచ్చుకున్న మూడు లక్ష్యాలను మాత్రమే కలిపింది. పండిన మూడు మళ్ళు చూపించి ఎండిన మళ్ళ ఊసెత్తకపోతే అది పంట లెక్క అవుతుందా?

ర్యాంకులు పుట్టకముందే మన వ్యవసాయ పరిశోధన ప్రజలకు అక్కరకొచ్చింది. స్వర్ణ మారుటేరులో పుట్టింది. సాంబ మసూరి బాపట్లలో పుట్టి 1986లో విడుదలైంది. తెలంగాణ సోనా రాజేంద్రనగర్ నుంచి 2015లో వచ్చింది. ఇవి సంకర విత్తనాలు కావు. రైతు తన గింజనే దాచుకుని మళ్ళీ విత్తుకోవచ్చు. ఏటా కంపెనీ గడప తొక్కే పని లేదు. ప్రభుత్వ పరిశోధన బలం ఇదే.

అయితే దిగుబడి పెరిగితే కూలి దానంతటదే పెరగదు. వరికోత మిషను వచ్చింది, కోతపని పోయింది. కలుపుమందు వచ్చింది, ఆడకూలీల కలుపుపని తగ్గింది. వెదజల్లే సాగుతో నాట్లూ తగ్గుతాయి. మేము యంత్రానికి శత్రువులం కాము. నడుం వంచి చేసే చాకిరీ తగ్గితే సంతోషమే. కాని మిగిలిన ఖర్చు ఎవరి జేబులోకి పోతోంది? పని పోయిన ఆడమనిషి ఏం తినాలి? కొత్త పద్ధతిని సిఫారసు చేసేటప్పుడు ఎకరాకు మిగిలే రూపాయలతోపాటు ఎకరాకు పోయే పనిదినాలు కూడా లెక్కగట్టాలి. చిన్న రైతుల, ముఖ్యంగా మహిళల ఆదాయం రెట్టింపు కావాలని రెండో లక్ష్యమే చెబుతోంది మరి!

అదే లక్ష్యం వ్యవసాయ పరిశోధనకు పెట్టుబడి పెంచమంటోంది. ఇక్కడ జరిగిందేమిటి? రాజేంద్రనగర్‌లో వ్యవసాయ, ఉద్యాన విశ్వవిద్యాలయాల భూముల్లోంచి 100 ఎకరాలు హైకోర్టు భవనాలకు కేటాయించారు. 2024 జనవరిలో విద్యార్థులు ఆందోళనకు దిగారు. అయినా మార్చిలో శంకుస్థాపన జరిగింది. కోర్టుకు భవనం అక్కర్లేదని మేము అనం. పరిశోధన భూమే దొరికిందా అని అడుగుతున్నాం. 2025లో కంచ గచ్చిబౌలి 400 ఎకరాలపై హైదరాబాద్ విశ్వవిద్యాలయ విద్యార్థులు పోరాడారు. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు అక్కడ చెట్ల నరికివేతను ఆపింది. గోడ మీద లక్ష్యాల బొమ్మలు, గోడ వెనక బుల్‌డోజర్లు!

కనుక మన కోర్కెలు స్పష్టంగా ఉండాలి. వ్యవసాయ విశ్వవిద్యాలయాల పాలకమండళ్ళలో కూలీలకు, కౌలురైతులకు చోటివ్వాలి. ఆడకూలీలు నడపగల పనిముట్లు తయారుచేసి, వాటిని కూలి సంఘాల చేతికే ఇవ్వాలి. పరిశోధన క్షేత్రాల్లో ఆడా మగా ఒకే కూలి అందాలి. ఖాళీ పోస్టులు నింపాలి, భూములు ముట్టుకోరాదు.

వ్యవసాయ కార్మిక సంఘం కార్యకర్తలు దగ్గర్లోని పరిశోధన కేంద్రానికి వెళ్ళాలి. అక్కడి విద్యార్థులను ఊళ్ళోకి పిలవాలి. 2030 ఎంతో దూరంలో లేదు. ఆ రోజున లెక్క అడగాల్సింది లండను పత్రిక కాదు, మనం.