అసగావో పూల వెనుక జన్యువులు

జపాన్‌వారు అసగావో అని పిలిచే మార్నింగ్ గ్లోరీ మన తూటికూర, చిలగడదుంప, కాశీరత్నం తీగలకు దాయాది. అన్నీ ఐపోమియా ప్రజాతివే. చైనా నుంచి విరేచనాలు చేయించే మందుగా జపాన్ చేరిన ఈ తీగను ఎడో కాలపు తోటమాలులు వేడుకగా మార్చేశారు. చీలిన రేకులు, ముడతల ఆకులు, చారల పూలు ఉన్న వింత మొక్కలను ఏరి పెంచారు. వాటిలో కొన్ని గింజ కట్టవు. అయినా, మామూలుగా కనిపించే తోబుట్టువు మొక్కల గింజలతోనే ఆ వంశాలను నిలిపారు. మెండెల్ సూత్రాల ఊసైనా తెలియని రోజుల్లో ఇది చిన్న పని కాదు.

ఈ వింతల్లో చాలావాటికి మూలం ట్రాన్స్‌పోజాన్లు, అంటే చోటు మార్చుకునే డీఎన్‌ఏ ముక్కలు. అలాంటి ముక్క రంగు జన్యువులో దూరితే పువ్వు తెల్లబడుతుంది. ఏ కణంలోనైనా బయటికొస్తే అక్కడినుంచి రంగు చార సాగుతుంది. ఊదా మొగ్గ నీలంగా విచ్చుకోవడానికి కారణం మరొకటి: కణరసంలో ఆమ్లత తగ్గడం. దాన్ని నడిపే జన్యువును 2000లో గుర్తించారు. మొక్క పూర్తి జన్యుక్రమం 2016లో వెలువడింది.