పూడికమట్టి ఎవరి శాస్త్రం?

విశ్వవిద్యాలయాల్లో ఇప్పుడొక మాట బాగా చెలామణీ అవుతోంది: అంతర్విభాగ పరిశోధన. జీవావరణశాస్త్రం ఒక్క జీవశాస్త్రజ్ఞుడి సొత్తు కాదనీ, చరిత్రకారుడూ ఆర్థికవేత్తా భాషావేత్తా దానికి చేతులు కలపాలనీ అంటున్నారు. మంచిదే. కాని నాలుగు శాఖలవాళ్లు ఒక వేదిక ఎక్కినంత మాత్రాన శాస్త్రం సమగ్రం కాదు. ఏ ప్రశ్నతో ఎక్కారన్నదే అసలు సంగతి.

ధర్మపురి రేవులో నిలబడి ఆలోచించండి. ఎగువన శ్రీరాంసాగర్, దిగువన ఎల్లంపల్లి. 1963లో నెహ్రూ శంకుస్థాపన చేసిన శ్రీరాంసాగర్ తొలి సామర్థ్యం 112 టీఎంసీలు. పూడికవల్ల అది తర్వాతి సర్వేల్లో 90కి, ఆపైన సుమారు 80కి దిగింది. ఇంజనీరు దీన్ని నష్టం కింద రాసుకుంటాడు. ఆ లెక్క తప్పు కాదు. కాని ఆ మట్టి ఎవరి చేలనుంచి కొట్టుకువచ్చింది, ఆ చేలకు ఏం మిగిలింది అనే పద్దు ఆయన పుస్తకంలో ఉండదు.

అదే మట్టి చెరువులో పడితే రైతు దాన్ని ఎరువంటాడు. ఎండాకాలం పూడిక తీసి చెలకకు తోలడం ఇక్కడి పాత సేద్యం. చెరువులో నీటికి చోటు దొరుకుతుంది, చెలకలో పదును నిలుస్తుంది. ఇది చూసి 'మన పెద్దలకు అన్నీ తెలుసు' అని మురిసిపోయేవారున్నారు. వెట్టి రోజుల్లో ఆ మట్టి ఎవరి నెత్తిమీద లేచింది, ఎవరి పొలంలో పడింది అని వారు అడగరు.

ఇటీవలి మాటే చూద్దాం. 2015లో మొదలైన మిషన్ కాకతీయలో చెరువుమట్టి ఉచితంగా ఇచ్చారు. తోలుకునే ఖర్చు రైతుదిగా ఉండేది. పూడికమట్టి సత్తువ కొన్నేళ్లపాటు నేలలో ఉంటుంది. వచ్చే ఏడు ఆ భూమి తన చేతిలో ఉంటుందో లేదో తెలియని కౌలుదారు కిరాయి ట్రాక్టరు పెట్టి మట్టి ఎందుకు తోలుతాడు? మృత్తికాశాస్త్రజ్ఞుడు దీన్ని 'అవగాహన లోపం' అనుకుంటే పొరపాటు. కౌలుదారుకు లేనిది అవగాహన కాదు, భూమి.

కనుక 1978లో జగిత్యాల జైత్రయాత్ర లేవనెత్తిన భూమి ప్రశ్న జీవావరణశాస్త్రానికి బయటిది కాదు, దాని నడిబొడ్డున ఉన్నది. పెట్టుబడిదారీ సేద్యం శ్రామికుడితోపాటు నేలసారాన్నీ హరిస్తుందని మార్క్స్ 1867లోనే, లీబిగ్ రసాయనశాస్త్రాన్ని చదివి, నిరూపించబూనాడు. మనం మాత్రం ఆ గ్రంథంలో కూలి లెక్క చదివి మట్టి లెక్క వదిలేశాం. ఆనకట్ట లేస్తే అభ్యుదయమన్నాం. కాలువ నీరు ఎందరికో అన్నం పెట్టిన మాట నిజమే. ఆ నీటి వెనక పేరుకుంటున్న మట్టిని చూడకపోవడమూ నిజమే.

తెలుగు శాఖలవాళ్లం మనమేం తక్కువ తినలేదు. ధర్మపురి అనగానే శేషప్ప కవి నరసింహ శతకం పాఠం చెప్పి చేతులు దులుపుకుంటాం. రేగడి, చెలక, దుబ్బ, చౌడు అనే మాటలను మాండలిక పదకోశంలో పడేస్తాం. అవి ఒట్టి మాటలు కావు. తరతరాల పరిశీలనకు రైతు పెట్టిన పేర్లు. ఆ మాటలను పొలాసలోని వ్యవసాయ పరిశోధనాస్థానం గడప దాటించే పని సాహిత్య విద్యార్థిది కాక ఎవరిది?

శాఖల మధ్య గోడలు కూలవలసిందే. అంతకంటే ముందు కూలవలసిన గోడ ఒకటుంది: పరిశోధించేవాడికీ మట్టి మోసేవాడికీ మధ్య ఉన్నది. పరిశోధనాంశం నిర్ణయించే రోజున కౌలుదారు ఆ గదిలో లేకపోతే, ఎన్ని శాఖలు కలిసినా తేలేది సగం శాస్త్రమే.