ఆముదపు చేనికి ధ్రువపత్రము: అది యెవరి పేర నుండవలెను?

తలనూనె సీసాలమీదను, సబ్బుబిళ్లల కాగితములమీదను "ప్రకృతిసిద్ధము", "సేంద్రియము" అను మాటలు నేడు విరివిగా కనబడుచున్నవి. ఆ నూనెలోని ఆముదము ఏ చేనిలో పండినదో, ఆ పొడిలోని కుంకుడుకాయ ఏ చెట్టున కాసినదో కొనువాడెరుగడు. నల్లగొండ, మహబూబునగరము జిల్లాల ఎర్రచెల్కలలో తరతరములుగా ఆముదము పండించిన మనకును ఆ మాటవలన లాభమేమియు చేరుటలేదు. పంటలో అధికభాగము గుజరాతుది గావున ధరయు అచ్చటి విపణి ననుసరించియే నడచుచున్నది. మన చెల్కలనేకము ప్రత్తికి మారినవి.

ఆహారపదార్థములపై "సేంద్రియ" మను మాట వాడుటకు మన దేశమున 2017వ సంవత్సరపు నిబంధనలు కలవు. ఒంటికిని తలకును పూసికొను వస్తువులకు అట్టి కట్టుబాటు లేదు. 2020వ సంవత్సరపు సౌందర్యసాధనముల నియమములలో ఆ మాటలకు నిర్వచనమే కానరాదు. తగిన నిదర్శనము లేక వానిని ప్రకటనలలో వాడరాదని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థవారు 2024 అక్టోబరులో మార్గదర్శకములు వెలువరించిరి. మంచిదే. కాని నిదర్శనమెట్టిది? అంతర్జాతీయ ప్రమాణసంస్థవారు 2016, 2017 సంవత్సరములలో రెండు భాగములుగా ప్రకటించిన 16128వ సంఖ్యగల లెక్కలో నీరు కూడ ప్రకృతిసిద్ధమే! సీసాలో ముప్పాతిక నీరే యున్నను ఆ నీటిబలముతో నూటికి తొంబదిపాళ్లు ప్రకృతిసిద్ధమని చూపవచ్చును. మన బావినీళ్ల కింతటి గౌరవము మునుపెన్నడును కలుగలేదు.

ఐరోపాఖండమునందలి ఐదు సంస్థలు కూడి 2010లో ఏర్పరచిన "కాస్మాస్" ప్రమాణము ఇంతకన్న గట్టిది. దాని సేంద్రియముద్ర పొందుటకు, పిండుట, నూరుట, ఎండబెట్టుట మొదలగు పనులతో మాత్రమే సిద్ధమైన పంటపదార్థములలో నూటికి 95 పాళ్లు సేంద్రియ ధ్రువపత్రము గలవై యుండవలెను. మొత్తము సరకులో 20 పాళ్లయినను, కడిగివేయు సరకులలో 10 పాళ్లయినను సేంద్రియ పదార్థముండవలెను. నీటిని సేంద్రియముగా లెక్కింపరు. అనగా చేనికి పత్రము లేనిదే సీసాకు ముద్ర లేదు. ఇచ్చటనే రైతు గమనింపవలసిన సంగతి యున్నది.

మన దేశమున చేనికి పత్రమిచ్చు జాతీయ సేంద్రియోత్పత్తి కార్యక్రమము 2001 నుండి నడచుచున్నది. ఏటిపంటలకు విత్తుటకు ముందు రెండేండ్లును, కుంకుడువంటి చెట్లకు తొలికోతకు ముందు మూడేండ్లును పరివర్తనకాలము. ఆ కాలమున రసాయనపు టెరువు గాని పురుగుమందు గాని తగులరాదు. సేంద్రియపు ధరయు రాదు. ఈ కష్టమును దాచి రైతులను తొందరపెట్టుట ధర్మము కాదు. చుట్టును ప్రత్తిచేలుండి నడుమ ఎకరమో రెండెకరములో గలవాడు ఒంటరిగా దీనికి దిగవలదనియే నా మతము. ప్రక్కచేని మందు గాలికి వచ్చి పడిన మాత్రమున అతని శ్రమ వ్యర్థమగును.

లద్దెపురుగును ఆకర్షించుటకై మిరప, ప్రత్తిచేల చుట్టును ఆముదపు సాలు వేయు వాడుక కలదు. అసలు పైరుపై మందు కొట్టినచో ఆ సాలు గింజలు సేంద్రియము కానేరవు; వానిని మంచిగింజలలో కలిపినచో బస్తాలన్నియు చెడును. కల్లము కడ వేరుగా నుంచుట, గోనెలు వేరుచేయుట, గింజను గానుగలోనే పిండించుట, ఇవన్నియు లెక్కకు వచ్చును. ద్రావకముతో తీసిన నూనె సేంద్రియమని చెల్లదు. సంఘమే గానుగ పెట్టుకొన్నచో ఆముదపు చెక్క మన చేలకే ఎరువుగా మిగులును. అది పశువులకు విషము గాన దూరముగా నుంచవలెను.

ఎర్రగొంగళిపురుగు సంగతి మన పెద్దలకు చెప్పనక్కరలేదు. తొలకరివానకు భూమిలోని కోశములనుండి రెక్కలపురుగులు వెలువడును. ఆ రాత్రులలో ఊరంతయు ఒక్కమారు చేలలో మంటలు వేసినచో అవి అందు పడి చచ్చును. ఒక్కని చేనిలో మాత్రము మంట వేసినచో ప్రక్కచేనిలో గ్రుడ్లు మిగిలియే యుండును. మందులేని సేద్యము కూడి చేయవలసిన పని యనుటకు ఇంతకన్న నిదర్శనమేల? పాలెము పరిశోధనస్థానమున వెలువడిన క్రాంతి, హరిత, కిరణ్ రకములును కలవు. విత్తనమునకు కొదువ లేదు.

ఇక పత్రము మాట. జాతీయ నియమముల ప్రకారము 25 మొదలు 500 మంది వరకు రైతులు ఒక సమూహముగా ఏర్పడి ఒకే పత్రము పొందవచ్చును. రుసుము భరింపలేని రైతులకు బదులు వ్యాపారి సొమ్ము కట్టుటయు, పత్రమును తన పేర నుంచుకొనుటయు జరుగుచుండును. అప్పుడు చేను మనది, రెండేండ్ల నష్టము మనది, ముద్ర మాత్రము వానిది. వాడు ధర తగ్గించినచో అదే గింజను సేంద్రియమని మరియొకనికి అమ్ముటకు రైతుకు వీలుండదు. ఇట్టి ఉపకారముకన్న బాకీయే మేలు. బాకీ తీర్చిన పిమ్మట చేతులైన విడుదలయగును.

2025 జనవరిలో సవరింపబడిన జాతీయ నియమములలో రైతుసమూహములకే చట్టబద్ధమైన ప్రతిపత్తి కల్పింపబడినది. కావున పత్రము సంఘము పేరనే యుండవలెను. రుసుము సంఘనిధినుండియే చెల్లింపవలెను. చేలలెక్కల పుస్తకము సంఘకార్యాలయముననే యుండవలెను. సభ్యులే పరస్పరము చేలు తనిఖీచేసికొను పి.జి.యస్. పద్ధతికి వ్యయము స్వల్పమే గాని అది స్వదేశవిపణికి ఉద్దేశింపబడినది, ఎగుమతికి పనికిరాదు. మొదట దానితో లెక్కలు వ్రాయుట అలవరచుకొనుట యుక్తము.

రానున్న సర్వసభ్యసమావేశమున ఒకే పట్టుగా చేలు గల సభ్యులు ఎందరు చేరుదురో పేర్లు వ్రాయించుకొనవలెను. ఇరువదియైదు పేర్లు రానిచో ఈ యేడు రుసుము కట్టవలసిన పనిలేదు. వచ్చినచో విత్తనములు పంచుటకు ముందే, సేంద్రియగింజకు అధికముగా ఎంత యిత్తురో కొనువారినుండి వ్రాతమూలముగా తెప్పించి, ఆ కాగితమును సభలో చదివి వినిపింపవలెను.