మీట నొక్కితే సమ్మతి అవుతుందా?



ఈ పేజీలో ఇంతవరకు రక్తపోటు, మధుమేహం, మూత్రపిండాల వ్యాధులు, వృద్ధాప్యంలో ఆహారం వంటి విషయాల మీద వ్రాస్తూ వచ్చాను. ఈసారి ఫేస్‌బుక్, ఆపిల్, వాట్సాప్ వంటి సంస్థల నిర్ణయాల గురించి వ్రాయబూనుకున్నాను. ఈ వయసులో డాక్టరుగారికి ఈ గొడవ ఎందుకని కొందరు నవ్వుకోవచ్చు. నాకు కంప్యూటరు శాస్త్రం తెలియదు, తెలిసినట్లు నటించను. కాని ‘సమ్మతి’ అనే మాట తెలుసు. ఆ మాటను వెంటబెట్టుకుని ప్రభుత్వాసుపత్రుల్లో ముప్పై ఏళ్ళకు పైగా పనిచేశాను. ఆ మాటకు ఈ సంస్థలు పట్టిస్తున్న గతి చూసి ఊరుకోలేక వ్రాస్తున్నాను.

2021లో, సంక్రాంతికి కొన్ని రోజుల ముందు, నా పాత రోగి ఒకాయన ఇంటికి వచ్చాడు. జీవితమంతా మరమగ్గాల మీద పనిచేసినవాడు. చూపు మందగించింది. కూతురు భివండీలో ఉంటుంది; మనుమరాలి ముఖం చూడాలంటే ఆయనకు వాట్సాపే దిక్కు. ఫోను నా చేతిలో పెట్టి, “సారూ, ఇదేందో మళ్ళ మళ్ళ అడుగుతున్నది. ఒత్తాల్నా, వద్దా?” అన్నాడు.

తెర మీద కొత్త గోప్యతా విధానం గురించిన ప్రకటన ఉంది. కింద, అంగీకరిస్తున్నానని చెప్పే మీట. నేను కళ్ళజోడు సవరించుకుని చదవడం మొదలుపెట్టాను. ఒక పుటలోంచి మరొక పుటకు, అందులోంచి ఇంకొక పుటకు దారులు. అరగంట గడిచాక కూడా ఆయన దేనికి ఒప్పుకుంటున్నాడో ఆయనకు అర్థమయ్యేలా నాలుగు ముక్కల్లో చెప్పలేకపోయాను. ఒక్కటి మాత్రం స్పష్టంగా తెలిసింది. ఫిబ్రవరి 8 లోపల ఒప్పుకోకపోతే ఆ సేవ ఇక ఉండదు. అంటే మనుమరాలి ముఖం ఉండదు.

ఇక్కడ కొంచెం వైద్యం మాట్లాడనివ్వండి. రోగి కాగితం మీద సంతకం చేసినంత మాత్రాన సమ్మతి ఇచ్చినట్లు కాదు. ఏమి చేయబోతున్నామో, దానివల్ల మేలేమిటో, ముప్పేమిటో, వేరే దారులేమున్నాయో అతని భాషలో చెప్పాలి. అతడు వద్దంటే మనం కోపగించుకోకుండా, మిగిలిన చికిత్స మానివేయకుండా ఉండాలి. అప్పుడే అది సమ్మతి. నాజీ వైద్యుల మీద జరిగిన విచారణ అనంతరం 1947లో వెలువడిన న్యూరెంబర్గ్ నియమావళిలో మొట్టమొదటి నియమం ఇదే. మన సుప్రీంకోర్టు 2008 జనవరిలో ఒక తీర్పు ఇచ్చింది. పరీక్ష కోసం మత్తు ఇచ్చిన రోగికి, ఆమె తల్లి ఒప్పుకున్నదన్న ఆధారంతో గర్భాశయం తొలగించిన కేసు అది. రోగి మేలు కోరే చేశామన్న వాదనను న్యాయస్థానం అంగీకరించలేదు. ఒకదానికి ఇచ్చిన సమ్మతిని మరొకదానికి వాడుకోకూడదని తేల్చిచెప్పింది.

నా చేతులు శుభ్రంగా ఉన్నాయని ఈ మాటలు చెప్పడం లేదు. నేను ఉద్యోగంలో చేరిన తొలినాళ్ళలో ఒక చిన్న ప్రభుత్వాసుపత్రిలో సమ్మతి పత్రాలు ఇంగ్లీషులో ఉండేవి. రోగిని చేర్చుకునేటప్పుడే వార్డుబాయి వేలిముద్ర వేయించుకుని పెట్టేవాడు. మేము తరువాత ఖాళీలు నింపేవాళ్ళం. ఒకామెకు మూడో కాన్పులో సిజేరియన్ చేసి, భర్త వేలిముద్ర ఉన్నది కదా అని, అప్పుడే కుటుంబ నియంత్రణ శస్త్రచికిత్స కూడా చేశాను. ఆ సంవత్సరం మాకు లక్ష్యాలు ఉండేవి. అవి నెరవేరకపోతే పైఅధికారుల చీవాట్లు ఉండేవి. రెండేళ్ళ తరువాత ఆమె మళ్ళీ వచ్చింది. పిల్లల్లో ఒకడు విరేచనాలతో పోయాడట. మళ్ళీ నెల తప్పడం లేదేమని అడిగింది. విషయం చెప్పాను. ఆమె ఏడవలేదు, అరవలేదు. “నన్నెవరడిగిన్రు సారూ?” అన్నది. భర్త సంతకం ఉన్న కాగితం ఇంకా మా బీరువాలో భద్రంగానే ఉంది. దానిని తీసి ఆమెకు చూపించే ధైర్యం నాకు లేకపోయింది.

మన దగ్గర ఆ రోజులు పూర్తిగా పోయాయనీ అనను. 2009లో అప్పటి ఆంధ్రప్రదేశ్‌లోని ఖమ్మం జిల్లాలో హెచ్.పి.వి. టీకా పథకం ఒకటి ప్రయోగాత్మకంగా జరిగింది. ఆశ్రమ పాఠశాలల్లో, వసతిగృహాల్లో ఉన్న ఆడపిల్లల తల్లిదండ్రుల బదులు ఎన్నో పత్రాల మీద వార్డెన్లే సంతకాలు పెట్టారు. 2010 ఏప్రిల్‌లో పథకం ఆగిపోయింది. 2013లో పార్లమెంటు స్థాయీసంఘం ఆ తీరును తీవ్రంగా తప్పుపట్టింది. టీకా మంచిదే. గర్భాశయ ముఖద్వార క్యాన్సరును అది నివారిస్తుంది. మీ ఆడపిల్లలకు వేయించమని ఇప్పటికీ చెబుతాను. మంచి మందును కూడా అడగకుండా ఇవ్వకూడదన్నదే అక్కడి ప్రశ్న. తప్పు జరిగినప్పుడు కనీసం విచారించడానికి ఒక సంఘం, తిట్టడానికి ఒక నివేదిక మనకున్నాయి.

ఇప్పుడు ఫేస్‌బుక్ సంగతి చూడండి. 2012 జనవరిలో ఒక వారంపాటు ఆ సంస్థ 6,89,003 మంది వాడుకరుల మీద ప్రయోగం చేసింది. కొందరికి స్నేహితులు వ్రాసిన సంతోషకరమైన మాటలు తక్కువగా కనబడేలా, మరికొందరికి విచారకరమైన మాటలు తక్కువగా కనబడేలా చేసి, ఆ తరువాత వారు ఏమి వ్రాస్తున్నారో లెక్కగట్టింది. ఒకరి దుఃఖం మరొకరికి తెర ద్వారా అంటుకుంటుందా అన్నది పరిశోధనాంశం. 2014 జూన్‌లో అమెరికా జాతీయ విజ్ఞానశాస్త్ర అకాడమీ పత్రికలో ఆ ఫలితాలు అచ్చయ్యేవరకు, తాము ప్రయోగంలో ఉన్నట్లు ఆ ఏడు లక్షల మందిలో ఎవరికీ తెలియదు. మానసిక కుంగుబాటుతో బాధపడేవారిని, మైనర్లను ముందే తప్పించినట్లు ఆ వ్యాసంలో ఎక్కడా లేదు. మందుల పరీక్షలో ఇటువంటి వ్యాసం నా దగ్గరకు సమీక్షకు వస్తే అక్కడే ఆపి తిప్పి పంపేవాణ్ణి.

మరి సమ్మతి ఏదీ అంటే, ఖాతా తెరిచేటప్పుడు షరతులకు ఒప్పుకున్నారు కదా అదేనని వ్యాసకర్తలు వ్రాశారు. ఆ షరతుల్లో ‘పరిశోధన’ అన్న మాట చేరినది 2012 మే నెలలో. ప్రయోగం ముగిసిన నాలుగు నెలలకు! ఇక కార్నెల్ విశ్వవిద్యాలయం వారు, తమ పరిశోధకుడు ఫలితాలను మాత్రమే చూశాడు కనుక తమ నైతిక సంఘం పరిశీలన అవసరం లేదన్నారు. ప్రైవేటు సంస్థ తన సొమ్ముతో చేసుకున్నది కనుక అమెరికా ప్రభుత్వ నిబంధనలు వర్తించవన్నారు. పత్రిక సంపాదకులు వ్యాసాన్ని ఉపసంహరించలేదు. సమ్మతి విషయంలో తమ ఆందోళనను ఒక ప్రకటనగా జోడించి ఊరుకున్నారు. ఆ రోజుల్లోనే ఆ సంస్థ ఉన్నతాధికారిణి షెరిల్ శాండ్‌బర్గ్ ఢిల్లీ వచ్చారు. అక్కడ క్షమాపణ చెప్పారు. ప్రయోగం చేసినందుకు కాదు, దాని గురించి సరిగా తెలియజేయనందుకు. గాజుగుడ్డ కడుపులో వదిలేసిన శస్త్రవైద్యుడు డిశ్చార్జి కాగితం సరిగా వ్రాయనందుకు చింతిస్తున్నానన్నట్లుంది.

ఫలితం చాలా చిన్నది కదా, వెయ్యి మాటలకు ఒక మాట తేడా వచ్చింది, దానికింత రాద్ధాంతమా అని అడిగేవారున్నారు. నిజమే, ఒక్కొక్కరిలో తేడా స్వల్పం. కాని అంత పెద్ద జనసంఖ్య మీద ఆ స్వల్పమే రోజుకు లక్షల సంఖ్యలో భావప్రకటనలుగా తేలుతుందని ఆ వ్యాసకర్తలే గొప్పగా చెప్పుకున్నారు. ఉప్పులో అయొడిన్ కలపడం వంటి పనులు చేసిన ప్రజారోగ్య శాఖ మనిషిగా ఈ లెక్క నాకు బాగా తెలుసు. చిటికెడు కలిపినా ఊరంతటికీ కలిపితే అది చిటికెడు కాదు. అయితే ఉప్పులో అయొడిన్ కలిపిన సంగతి మేము పొట్లం మీద అచ్చువేసి, గోడల మీద వ్రాసి చెప్పాం.

ఆపిల్ కథ వేరు. అందులో ఆ సంస్థ ఉద్దేశం చెడ్డదని నేననను. ఫోనులోని బ్యాటరీ పాతబడినకొద్దీ ఒక్కసారిగా ఎక్కువ విద్యుత్తు ఇవ్వలేక ఫోను ఉన్నట్టుండి ఆరిపోతుంది. దానిని నివారించడానికి 2017 జనవరిలో పంపిన నవీకరణలో, పాత బ్యాటరీ ఉన్న ఫోనులు నెమ్మదిగా పనిచేసే ఏర్పాటు చేశారు. బలహీనమైన గుండె ఉన్నవానికి నాడివేగం తగ్గించే మాత్ర ఇవ్వడం వంటిదే ఇది, మంచి వైద్యమే. కాని రోగికి చెప్పలేదు. మాత్రను అన్నంలో కలిపి పెట్టారు. ఫోను మందగించింది, ముసలిదైపోయింది, కొత్తది కొనాలి కాబోలు అని జనం అనుకున్నారు. బ్యాటరీ ఒక్కటి మారిస్తే సరిపోయేది! బయటివారు పరీక్షించి గుట్టు రట్టు చేశాక, ఆ ఏడాది డిసెంబరులో సంస్థ ఒప్పుకుని, క్షమాపణ చెప్పి, అమెరికాలో బ్యాటరీ మార్పిడి ధరను 79 డాలర్ల నుంచి 29 డాలర్లకు తగ్గించింది. 2020లో ఫ్రాన్సు రెండున్నర కోట్ల యూరోల జరిమానా వేసింది. ఆ జరిమానా ఫోను నెమ్మదించినందుకు కాదు, వాడుకరులకు చెప్పనందుకు అన్నది గమనించండి. ఫోను తయారీ తెలియని అధికారులకు కూడా సమ్మతి అంటే ఏమిటో తెలిసింది.

మళ్ళీ నా మరమగ్గాల పెద్దాయన దగ్గరకు వస్తాను. ఆ రోజుల్లో వాట్సాప్ మన సందేశాలన్నీ చదువుతుందని, నీలం గీతలు మూడు పడతాయని ఏవేవో పుకార్లు నడిచాయి. అవి అబద్ధాలు. ఇద్దరి మధ్య సందేశాలు ఎప్పటిలాగే తాళం వేసి ఉంటాయి. వచ్చిన మార్పు వేరు. 2016లో విధానం మార్చినప్పుడు, మా సమాచారాన్ని ప్రకటనల కోసం ఫేస్‌బుక్‌కు వాడవద్దని చెప్పడానికి పాత వాడుకరులకు ముప్పై రోజుల గడువైనా ఇచ్చారు. 2021లో ఆ ద్వారం మూసేశారు. గోల పుట్టాక గడువును మే 15కు జరిపారు. ఆ తరువాత ఒప్పుకోనివారి ఖాతాలు తీసివేయబోమని వెనక్కు తగ్గారు. కాని భయపడినవారు అప్పటికే నొక్కేశారు. ఐరోపా వారికి మాత్రం వేరే విధానం, ఎందుకంటే అక్కడ చట్టం గట్టిది. ఒకే మందుకు ఒక దేశంలో ముప్పులన్నీ వ్రాసిన చీటీ, మరొక దేశంలో ఖాళీ సీసా! మన కాంపిటీషన్ కమిషన్ 2024 నవంబరులో ఈ వ్యవహారానికి మెటా సంస్థ మీద 213.14 కోట్ల రూపాయల జరిమానా విధించింది. సంస్థ అప్పీలుకు వెళ్ళింది. ఇష్టమైతే ఒప్పుకో, లేకపోతే వెళ్ళిపో అనే పద్ధతిలో తీసుకున్నది న్యాయమైన ఒప్పుదల కాదన్నదే కమిషన్ మాటల సారాంశం.

“ఉచితంగా ఇస్తున్నారు కదా డాక్టరుగారూ, ఇష్టం లేకపోతే వాడకండి” అని నా మేనల్లుడు అంటాడు. వాడు ఆ రంగంలోనే, హైదరాబాదులో మంచి ఉద్యోగంలో ఉన్నాడు. వాడి మాటలో కొంత న్యాయం ఉంది. ఈ సేవల వల్ల నాకూ మేలు జరిగింది. కోవిడ్ రోజుల్లో నా పాత రోగులకు నేను ఫోనులోనే మందులు చెప్పాను. కాని ఉచితం అన్న మాట మా ధర్మాసుపత్రికి వచ్చిన పేదవానితో ఎన్నో ఏళ్ళు మేమూ అన్నాం. ఉచితంగా వైద్యం చేస్తున్నాం, నోరు మూసుకుని వేలిముద్ర వెయ్యి అన్నాం. ఆ వేలిముద్రల విలువ ఎంతో నాకు తెలుసు. ఇక వాడకపోవడం సంగతంటారా, ఊరిలో ఒక్కటే బావి ఉన్నప్పుడు నీళ్ళు తోడుకోవడం ఇష్టపూర్వకమని ఎలా అంటాం? పింఛను కబురు, గ్యాసు బండ కబురు, పిల్లల బడి కబురు, అన్నీ ఆ బావిలోనే ఉన్నాయి.

2023లో మన పార్లమెంటు వ్యక్తిగత డిజిటల్ సమాచార రక్షణ చట్టం చేసింది. సమ్మతి స్వేచ్ఛగా, నిర్దిష్టంగా, తెలిసి, షరతులు లేకుండా, సందిగ్ధం లేకుండా ఇచ్చినదై ఉండాలని అందులో ఉంది. రాజ్యాంగంలోని ఎనిమిదవ షెడ్యూలు భాషల్లో దేనిలోనైనా ఆ ప్రకటన చదువుకునే వీలు ఉండాలనీ ఉంది. అంటే తెలుగులో. ఇచ్చిన సమ్మతిని, ఇచ్చినంత తేలికగా వెనక్కు తీసుకోవచ్చు కూడా. చదివినప్పుడు మా వైద్య కళాశాలలో చెప్పిన పాఠం మళ్ళీ విన్నట్లనిపించింది. కాని నియమాలు వెలువడడానికి 2025 నవంబరు దాకా పట్టింది. ముఖ్యమైన బాధ్యతలు సంస్థల మీద పడడానికి ఆ పైన మరో పద్దెనిమిది నెలల గడువు ఇచ్చారు. పైగా ప్రభుత్వ విభాగాలకు ఆ చట్టంలో ఇచ్చిన మినహాయింపులు నాకు నచ్చలేదు. ప్రభుత్వ వైద్యుడిగా, బీరువాలోని ఆ కాగితాన్ని చూసినవాడిగా చెబుతున్నాను, అడగకుండా చేసే జబ్బు ప్రైవేటు సంస్థలకే పరిమితం కాదు.

ఈలోగా మీరు చేయగలిగినది కొంత ఉంది. ఏ ప్రకటన వచ్చినా ‘ఇప్పుడు కాదు’ అన్న మాట ఎక్కడో చిన్న అక్షరాల్లో ఉంటుంది, దానిని వెతకండి. మీ రక్తపోటు, చక్కెర లెక్కలు, నెలసరి తేదీలు అడిగే యాప్‌లకు మీ ఫోనులోని పరిచయాల జాబితా, మీరున్న చోటు ఎందుకో ఆలోచించి, అవసరం లేనివాటికి అనుమతి తీసివేయండి. ఆ లెక్కలు వ్రాసుకోవడానికి పది రూపాయల నోటుపుస్తకం ఇప్పటికీ మంచిదే. ఇంట్లో పెద్దవారి ఫోనులో మీరే నొక్కేసి చేతికివ్వకండి. వారికి చెప్పండి. మీకే అర్థం కాకపోతే, అర్థం కాలేదని చెప్పండి.

ఆ రోజు నేను చేసినది అదే. “నాకూ సమజైతలేదు పెద్దాయనా” అన్నాను. ఆయన కాసేపు నా ముఖం చూశాడు. ఎం.బి.బి.ఎస్. చదివిన డాక్టరుకే తెలియకపోతే ఎట్లా అన్నట్లు. తరువాత ఫోను తీసుకుని, బొటనవేలిని చొక్కాకు తుడుచుకుని, ఆ మీట మీద ఒత్తాడు. వేలిముద్ర వేసేముందు మా ఆసుపత్రిలో రోగులు అచ్చం అలాగే వేలు తుడుచుకునేవారు.